బ్యాంకు సారు ముందు మీ వ్యాపారాన్ని కథగా చెప్పడం ఎలా

ఒడిశాలోని పర్లాకిమిడిలో చిన్న వ్యాపారాలకు లెక్కలు, ప్రాజెక్టు రిపోర్టులు రాసిపెట్టడం నా పని. ఒకసారి కాశీనగర్ వైపు పల్లె నుంచి వచ్చిన ఇద్దరు అక్కలతో కలిసి ఒక బ్యాంకుకి వెళ్ళాను. జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే చిన్న యూనిట్ వాళ్ళది. నేను రాసిన రిపోర్టు 22 పేజీలు. మేనేజరు గారు మొదటి రెండు పేజీలు తిప్పి, తిన్నగా చివరి పేజీకి వెళ్ళి, "డబ్బు ఎలా తిరిగి కడతారు?" అని అడిగారు. ఇద్దరూ నా ముఖం చూశారు. నేను రిపోర్టులో ఉన్న అంకెలే మళ్ళీ చదివాను. ఆయన తలాడించి, చూసి చెబుతామన్నారు.

బయటికొచ్చి టీ తాగుతుంటే పెద్దక్క తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు ఇలా అంది: "ఏప్రిల్‌లో మా ఇంటి ముందు నుంచే పిక్కల బస్తాలు లారీ ఎక్కి పలాస పోతాయి బాబూ. ఆ పలాసలోనే నేను ఆరేళ్ళు పిక్కలు కొట్టాను, పని నాకు తెలుసు. కటింగ్ మిషను కొనుక్కున్నాం. కానీ పోయిన ఏప్రిల్‌లో చేతిలో డబ్బుల్లేక పది బస్తాలే కొన్నాం, ఆ పప్పు జూలైకే దాదాపు అయిపోయింది. దసరా ముందు బరంపురం నుంచి మిఠాయి షాపు ఆయన ఫోన్ చేసి వంద కిలోలు కావాలన్నాడు. ఇంట్లో తొమ్మిది కిలోలు ఉంది. ఏం చెప్పాలో తెలీక, మళ్ళీ చేస్తానని ఫోన్ పెట్టేశాను."

నేను టీ గ్లాసు పక్కన పెట్టేశాను. మేనేజరు గారు అడిగిన ప్రశ్నకి జవాబు అదే కదా. కొనేవాడు ఉన్నాడు, పని వచ్చు, మిషను ఉంది, సరుకు మన గుమ్మం ముందే దొరుకుతోంది, ఏప్రిల్‌లో డబ్బు మాత్రం లేదు. నేను రాసిన 22 పేజీల్లో జీడిపప్పుకి దేశంలో ఉన్న గిరాకీ ఉంది, మిషను కొటేషన్ ఉంది, ఆ ఫోన్ సంగతి మాత్రం లేదు. ఆ రోజు నుంచి రిపోర్టు రాసే పద్ధతి మార్చుకున్నాను, ఇప్పుడు మీకు చెప్పేది ఆ పద్ధతే. మీరు రాయగడలో చోడి (రాగి) పిండి అమ్మినా, గుణుపురంలో టైలరింగ్ పెట్టినా, బరంపురంలో అప్పడాలు చేసినా, డబ్బు అడగాల్సిన చోట ఇది పనికొస్తుంది.

మొదట కథ వెతకండి, రిపోర్టు తర్వాత

చాలామంది ముందు రిపోర్టు రాయించుకుని, మొదటి పేజీలో పెట్టడానికి ఒక కథ కావాలని అడుగుతారు. అలా అతికించిన కథ అతికించినట్టే కనిపిస్తుంది. కాబట్టి కాగితం, పెన్ను తీసుకుని ముందు ఈ ప్రశ్నలకి జవాబులు రాయండి, ఇంకేమీ రాయకండి. మీ పని ఆగిపోయిన రోజు ఏది? ఆ రోజు ఎవరు వచ్చారు, లేదా ఎవరు ఫోన్ చేశారు? వాళ్ళు ఏమడిగారు, ఎంత అడిగారు? మీ దగ్గర ఎంత ఉంది? మీరు ఏమని చెప్పి పంపారు? ఆ తర్వాత వాళ్ళు ఎక్కడ కొన్నారు?

"మార్కెట్‌లో డిమాండ్ ఎక్కువగా ఉంది" అని రాయబోతే అక్కడే ఆగి, "నాకు ఎలా తెలిసింది?" అని మిమ్మల్ని మీరు అడగండి. ఎవరో ఒక మనిషి వల్ల తెలిసుంటుంది. సంతలో సరుకు అయిపోయాక కూడా గంటసేపు అడుగుతూనే ఉన్న జనం వల్లో, రెండుసార్లు ఖాళీ చేతులతో తిరిగి వెళ్ళిన పొరుగూరి హోటలు ఆయన వల్లో తెలిసుంటుంది. ఆ మనిషే మీ కథకి మొదలు.

రాయడం రాకపోతే చెప్పండి, ఇంట్లో పిల్లల చేత ఫోన్‌లో రికార్డు చేయించండి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో రాయమంటే "మా యూనిట్ నాణ్యతకు పెట్టింది పేరు" అని రాసినవాళ్ళే, టీ తాగుతూ చెప్పమంటే అసలు సంగతి చెప్పేస్తారు. ఆ టీ కొట్టు మాటే బ్యాంకులోనూ చెప్పాలి.

ఒక్క మనిషి చాలు

ఇక్కడ అందరూ తడబడతారు, ఎందుకంటే పెద్ద అంకె చెబితే పెద్ద వ్యాపారంలా కనిపిస్తామని అనిపిస్తుంది. "జిల్లాలో ఇన్ని వేల ఎకరాల్లో జీడి తోటలు, ఇన్ని వేల కుటుంబాలు" అని మొదలుపెడతారు. వినేవాడికి ఆ వేల కుటుంబాల్లో ఒక్క ముఖమూ కనిపించదు.

డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ అనే ముగ్గురు పరిశోధకులు 2007లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. కొందరి చేతికి ఐదు డాలర్లు ఇచ్చి, అందులోంచి ఆకలితో ఉన్న పిల్లల కోసం ఎంత ఇస్తారని అడిగారు. ఆఫ్రికాలోని మాలి దేశానికి చెందిన రోకియా అనే ఏడేళ్ళ పాప గురించి చదివినవాళ్ళు సగటున 2.38 డాలర్లు ఇచ్చారు. లక్షలమంది ఆకలి గురించి గణాంకాలు చదివినవాళ్ళు 1.14 ఇచ్చారు. పాప కథ, గణాంకాలు రెండూ కలిపి చూపిస్తే ఇంకా ఎక్కువ రావాలి కదా? వచ్చింది 1.43 మాత్రమే. విరాళం వేరు, అప్పు వేరు, బ్యాంకు జాలిపడి డబ్బు ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. అయినా దీంట్లో మనకి పనికొచ్చేది ఒకటుంది. మనిషిని, పెద్ద అంకెల్ని ఒకే ఊపిరిలో కలిపేస్తే మనిషి కనబడకుండా పోతాడు. ముందు మనిషిని చూపించి, ఆ మనిషి నుంచే అంకె పుట్టించాలి. ఎలాగో కింద చెబుతాను.

మన దేశంలోనే లిజ్జత్ పాపడ్ కథ గుర్తు చేసుకోండి. 1959 మార్చి 15న ముంబై గిర్గావ్‌లో ఏడుగురు ఆడవాళ్ళు 80 రూపాయలు అప్పు తెచ్చుకుని, మేడ మీద కూర్చుని అప్పడాలు ఒత్తారు. మొదటి రోజు నాలుగు ప్యాకెట్లు తయారయ్యాయి. ఇప్పుడు ఆ సంస్థ ఎంత పెద్దదైనా జనం నోట్లో నిలిచిపోయింది ఆ ఏడుగురు, ఆ 80 రూపాయలు, ఆ నాలుగు ప్యాకెట్లే. చూడండి, అవి మూడూ చిన్న అంకెలే. మీ మొదటి అప్పు ఎంత, మొదటి రోజు ఎన్ని అమ్మారు అన్నది చిన్నదని దాచకండి, చెప్పండి.

ఆ ఒక్క మనిషి మీరే కానక్కర్లేదు. నన్నడిగితే కొనేవాడైతే ఇంకా మంచిది. "నేను చిన్నప్పటి నుంచీ కష్టపడ్డాను" అనేది నిజమే అయినా, అది విని మేనేజరు గారు అప్పు తిరిగొస్తుందని నమ్మలేరు. వంద కిలోలు కావాలని ఫోన్ చేసిన షాపు ఆయన గురించి వింటే నమ్మగలరు. మీ కష్టం గురించి ఒక్క వాక్యం చాలు, అదీ పనితనం తెలిసేలా: "పలాసలో ఆరేళ్ళు పిక్కలు కొట్టాను."

డబ్బు కథలోకి ఎక్కడ వస్తుంది?

ఈ ఒక్క సంగతి కోసమే ఇదంతా రాస్తున్నాను. మామూలుగా కథ ఒకటి చెప్పి, అది అయిపోయాక, గొంతు సవరించుకుని "కాబట్టి మాకు రెండు లక్షల నలభై వేలు కావాలి" అంటారు. కథ ఒక దారి, డబ్బు ఒక దారి. అలా కాకుండా, కథ ఎక్కడ ఆగిపోయిందో సరిగ్గా అక్కడ డబ్బు అడుగు పెట్టాలి. వినేవాడికి తనంతట తానే "అయ్యో, ఏప్రిల్‌లో ఈ డబ్బు ఉండుంటే సరిపోయేది" అనిపించాలి. అప్పుడు మీరు అడిగేది ఆయన అప్పటికే మనసులో అనుకున్న మాట అవుతుంది.

జీడిపప్పు పని తెలియనివాళ్ళకి కొంచెం వివరంగా చెబుతాను. పిక్కలు మన వైపు మార్చి నుంచి మే దాకా వస్తాయి. అప్పుడు కొని ఎండబెట్టి నిల్వ చేసుకున్నవాడికి ఏడాదంతా పని ఉంటుంది. పిక్కల్ని ఉడకబెట్టి లేదా కాల్చి, గుల్ల కొట్టి, పప్పు ఆరబెట్టి, పొట్టు తీసి, గుండు (విడిపోని నిండు పప్పు) ఒకవైపు, బద్ద (రెండుగా విడిపోయింది) ఒకవైపు, ముక్క ఒకవైపు ఏరాలి. గుల్లలో ఉండే జీడి రసం తగిలితే చేతులు బొబ్బలెక్కుతాయి, అందుకే చేతులకి నూనె రాసుకుని కొడతారు. పప్పుకి ఎక్కువ గిరాకీ దసరా, దీపావళికి. అంటే డబ్బు పెట్టేది వేసవిలో, తిరిగి వచ్చేది శరత్తులో. ఈ రెంటి మధ్య ఉన్న నెలలే ఆ అక్కల కథలో గుంత. మిషను కోసం అప్పు అడిగితే కథ అతకదు, మిషను వాళ్ళకి ఉంది. షెడ్డు కోసం అడిగినా అతకదు. పిక్కల కోసం, ఏప్రిల్‌లో అడిగితేనే అతుకుతుంది.

నేను మొదట రాసిన రిపోర్టులో కొత్త మిషనుకీ, షెడ్డుకీ, సరుకుకీ కలిపి అడిగాను. కథ సరిగ్గా విన్నాక మిషను, షెడ్డు తీసేశాం. అడిగే మొత్తం తగ్గింది, నమ్మకం పెరిగింది. మీరూ ఒకసారి ఇలా పరీక్షించుకోండి: మీరు అడిగే ప్రతి రూపాయి మీ కథలో ఎక్కడ పడుతుందో వేలు పెట్టి చూపించగలరా? చూపించలేని రూపాయి ఉంటే, దాన్ని తీసేయాలి, లేదా మీరు చెప్పని కథ ఇంకొకటి ఉందన్నమాట, అది బయటికి తీయాలి.

అంకెలు కథకి వేలాడాలి

ఇప్పుడు లెక్క. ఇందులో ధరలు ఉదాహరణకి వేసుకున్నవి, మీ సంతలో నడిచే ధర మీరు వేసుకోండి. పిక్కలు కిలో 120 అనుకుందాం. 80 కిలోల బస్తాలు 25 కొంటే 2,000 కిలోలు, 2,40,000 రూపాయలు. పిక్కల బరువులో పప్పు 22 శాతం వస్తుందనుకుంటే 440 కిలోలు. కొట్టుడు కూలి, కట్టెలు, ప్యాకింగ్ కలిపి 50,000, అది వాళ్ళ పొదుపు నుంచి పెడతారు. గుండు, బద్ద, ముక్క కలిపి సగటున కిలో 750కి అమ్మితే 3,30,000. ఖర్చులన్నీ పోగా 40,000 మిగులుతుంది. ఆరు నెలలకి ఏడాదికి 12 శాతం చొప్పున వడ్డీ 14,400 తీసేస్తే 25,600.

ఈ లెక్కని లెక్కలా చదవకండి, కథలోనే నడిపించండి. "పోయిన ఏడాది పది బస్తాలు కొన్నాం, 176 కిలోల పప్పు వచ్చింది, జూలైకి దాదాపు అయిపోయింది. వంద కిలోలు అడిగిన ఆయన్ని వదులుకున్నాం. ఈసారి పాతిక బస్తాలు కొంటే 440 కిలోలు వస్తుంది. మా పాత ఖాతాదారులకి 176 పోను, బరంపురం ఆయనకి వంద పోను, 164 కిలోలు ఎవరికి అమ్మాలన్నదే మేము ఇప్పుడు చూసుకోవాల్సింది." చివరి మాట చూశారా, ఇంకా తేలని విషయం చెప్పేవాళ్ళే బయటపెట్టారు. మేనేజరు ఎలాగూ అడుగుతారు, మీరే ముందు చెబితే మీరు లెక్క వేసుకున్నారని తెలుస్తుంది. ఆ 164 కిలోలకి ఇద్దరు ముగ్గురు షాపుల వాళ్ళతో మాట్లాడి, వాళ్ళు కావాలన్న పరిమాణం కాగితం మీద రాయించుకుని వెళ్తే ఇంకా బాగుంటుంది.

తర్వాతి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ధర పడిపోతే? అదీ కథలో భాగమే, దాటవేయకండి. పప్పు ధర పదో వంతు పడితే 675 చొప్పున 2,97,000 వస్తుంది. ఖర్చు 2,90,000, వడ్డీ 14,400, అంటే 7,400 నష్టం. ఆ నష్టం ఎక్కడి నుంచి పూడుస్తారు? ఖర్చులో చూపించిన 50,000లో 30,000 వాళ్ళ సొంత కూలీ అనుకోండి. ఆ ఏడాది కూలి కొంచెం తగ్గించుకుంటారు, బ్యాంకు డబ్బు మాత్రం కట్టేస్తారు. ఇది ఏడుపు ముఖంతో కాకుండా మామూలుగా చెప్పండి. ధర పడిన ఏడాది ఏం చేస్తారో చెప్పగలిగినవాళ్ళని చూస్తే నాకే ధైర్యం వస్తుంది, అప్పు ఇచ్చేవాళ్ళకి రాదా?

ఏ పథకం కింద అడుగుతున్నారో కూడా తెలుసుకుని వెళ్ళండి. ముద్రా రుణాల్లో శిశు 50,000 దాకా, కిశోర్ 5 లక్షల దాకా, తరుణ్ 10 లక్షల దాకా. పైన చెప్పినంత మొత్తం కిశోర్‌లో పడుతుంది. కొత్తగా యూనిట్ పెట్టేవాళ్ళు పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) చూడొచ్చు. అందులో తయారీ యూనిట్‌కి 50 లక్షలు, సేవా రంగానికి 20 లక్షల దాకా ప్రాజెక్టు వేసుకోవచ్చు. పల్లెల్లో మహిళలకి, ఎస్సీ, ఎస్టీ, బీసీ వర్గాలకి 35 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతం. ఆ సొంత వాటా ఎలా కూడబెట్టారన్నది కూడా కథలో ఒక వాక్యం కావాలి. చీటీ కట్టి కూడబెట్టామనో, గొర్రెలు అమ్మామనో, నిజంగా ఏం చేశారో అదే చెప్పండి.

పిట్టకథ పొడుగైతే హరికథ ఆగిపోతుంది

మన ఉత్తరాంధ్ర వైపు హరికథలు విన్నవాళ్ళకి తెలుసు. ఆదిభట్ల నారాయణదాసు గారి విజయనగరం ఇక్కడికి ఎంతో దూరం కాదు. జనం కునుకు తీస్తున్నారనిపిస్తే దాసు గారు ఒక పిట్టకథ అందుకుంటారు. అందరూ లేచి కూర్చున్నాక మళ్ళీ అసలు కథలోకి వచ్చేస్తారు. పిట్టకథ ఎంతసేపు చెప్పాలో ఆయనకి తెలుసు. మీ కథ బ్యాంకులో రెండు నిమిషాలు దాటకూడదు. మొత్తం మాట ఐదు నిమిషాలు. రెండు నిమిషాలు కథ, రెండు నిమిషాలు లెక్క, ఒక నిమిషం మీరు అడిగేది. గడియారం పెట్టుకుని చెప్పి చూడండి, మొదటిసారి తప్పకుండా పది నిమిషాలు వస్తుంది. అప్పుడు కోయండి. ఊరి పేర్లు, చుట్టాల పేర్లు, మిషను ఎక్కడ కొన్నారో, ఎంత బేరమాడారో అన్నీ తీసేయండి. ఫోన్, వంద కిలోలు, తొమ్మిది కిలోలు మాత్రం ఉంచండి.

ఏ భాషలో చెప్పాలి

ఇది మన సరిహద్దు వాళ్ళ కష్టం. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, మేనేజరు వేరే రాష్ట్రం నుంచి వచ్చినవారైతే హిందీ. చాలామంది అక్కలు కథ తెలుగులో చక్కగా చెబుతారు, లోపలికి వెళ్ళాక ఒడియాలో "ఆజ్ఞా, ఆజ్ఞా" (అలాగే సార్) అంటూ తలూపి వచ్చేస్తారు. అది చూస్తే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే సరుకు ఉండి, తెలివి ఉండి, మాట దగ్గర ఆగిపోతున్నారు.

నేను చేయించేది ఇది. ముందు కథ మొత్తం తెలుగులో గట్టిగా రావాలి. తర్వాత దాన్ని ఒడియాలోకి అనువాదం చేయించకండి. అదే సంఘటనని పక్కింటి ఒడియా నేస్తానికి చెప్పినట్టు మొదటి నుంచి మళ్ళీ చెప్పండి. వచ్చిన మాటలతోనే చెప్పండి. తప్పులు వస్తే రానీయండి. అంకెలు మాత్రం ఒడియాలో తడబాటు లేకుండా వచ్చేదాకా నేర్చుకోండి, ఎందుకంటే తొమ్మిది అనాల్సిన చోట తొంభై అంటే కథే మారిపోతుంది. మరీ కష్టమైతే, "సార్, రెండు నిమిషాలు తెలుగులో చెప్పి, మా అబ్బాయి చేత ఒడియాలో చెప్పిస్తాను" అని ముందే అడగండి. చాలామంది మేనేజర్లు సరేనంటారు, ఈ జిల్లాల్లో పనిచేసేవాళ్ళకి తెలుగు కొంతైనా అర్థమవుతుంది.

ఈ ఊళ్ళోనే బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు, జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని జీవితమంతా పోరాడారు, కొండల్లోని సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఎదుటివాడి భాష నేర్చుకోవడానికి అంత శ్రమపడిన మనిషి తిరిగిన వీధుల్లో ఉన్నాం మనం. రిపోర్టు ఏ భాషలో ఉన్నా నోటి మాట మాత్రం మీ నోటికి అలవాటైన మాటే అయి ఉండాలి. "వినియోగదారుల అవసరాలను తీర్చే నిమిత్తం" అని కంఠస్థం చేసి చెప్పిన అక్క ఒకామె, మధ్యలో ఒక పదం మర్చిపోయి మొత్తం ఆపేసింది. సొంత మాటల్లో చెప్పుంటే మర్చిపోవడానికి ఏమీ ఉండేది కాదు.

ఇద్దరు వంతల్ని కూర్చోబెట్టుకోండి

బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు హాస్యం ఆడతారు, ఇంకొకరు లోకం సంగతులు ఎత్తుతారు, ఇద్దరూ మధ్యమధ్యలో ప్రశ్నలు వేసి జనం మనసులో ఉన్న అనుమానం పైకి తెస్తారు. మీకూ అలాంటి ఇద్దరు కావాలి. ఒకరు మీ వ్యాపారం గురించి ఏమీ తెలియనివాళ్ళు, పక్కింటి టీచరమ్మలాంటి వాళ్ళు. ఆమె "అయితే గుండు అంటే ఏమిటి?" అని అడిగితే ఆ మాట మేనేజరుకీ అర్థం కాదని తెలిసిపోతుంది. ఇంకొకరు డబ్బు విషయంలో కఠినంగా ఉండేవాళ్ళు, ఊళ్ళో సరుకు కొని అమ్మే షావుకారు బావగారు ఉంటే చాలా మంచిది. ఆయన్ని కనికరం లేకుండా అడగమనండి. "పిక్కలకి పురుగు పడితే?", "ఆ షాపు ఆయన ఈసారి కొనకపోతే?", "మీ ఇద్దరికీ పడకపోతే?" మూడో ప్రశ్నకి చాలామంది దగ్గర జవాబు ఉండదు, బ్యాంకు మాత్రం తప్పకుండా ఆలోచిస్తుంది.

మూడుసార్లు, మూడు రోజుల్లో ఇలా చెప్పండి. అద్దం ముందు చెప్పడం వల్ల పెద్దగా లాభం లేదు, అద్దం ప్రశ్న వేయదు.

వినేది ఎవరో చూసి ముగింపు మార్చండి

కథ ఒకటే, అడిగేది మాత్రం మారుతుంది. బ్యాంకులో ముగింపు "దీపావళి అయ్యాక డబ్బు ఎలా తిరిగి వస్తుంది" అన్నది. జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఇంటర్వ్యూ అయితే ఎంతమందికి పని దొరుకుతుందో, ఈ జిల్లా పంట ఈ జిల్లాలోనే ఎలా పప్పు అవుతుందో చెప్పాలి. వాటా తీసుకునే పెట్టుబడిదారుడైతే ఒక పల్లెలో జరిగింది పది పల్లెల్లో ఎలా జరుగుతుందో అడుగుతాడు. మిఠాయి షాపు ఆయనకైతే, "పోయిన దసరాకి మీకు ఇవ్వలేకపోయాం, ఈసారి ఆగస్టులోనే మీ వంద కిలోలు పక్కన పెడతాం" అన్న ఒక్క వాక్యం చాలు.

నిజం దగ్గర

కథ బాగా చెప్పడం వచ్చాక ఒక ప్రలోభం వస్తుంది. తొమ్మిది కిలోలు ఉంటే "ఏమీ లేదు" అంటే బాగుంటుందనిపిస్తుంది. ఒక్క షాపు ఫోన్ చేస్తే "షాపులన్నీ ఫోన్ చేశాయి" అనాలనిపిస్తుంది. దయచేసి అలా చేయకండి. అమెరికాలో థెరానోస్ అనే కంపెనీ పెట్టిన ఎలిజబెత్ హోమ్స్, క్యాన్సర్‌తో పోయిన తన మామయ్య గురించి చెప్పి, కొద్ది చుక్కల రక్తంతోనే రోగాలు ముందుగా కనిపెడతామని నమ్మించి, పెద్దపెద్దవాళ్ళ దగ్గర డబ్బు తెచ్చింది. ఆ మిషను చెప్పినట్టు పనిచేయలేదు. 2022 జనవరిలో కోర్టు ఆమెని దోషి అంది, నవంబరులో పదకొండేళ్ళకి పైగా జైలు శిక్ష వేసింది. కథ మనసుకి తగిలే కొద్దీ వినేవాళ్ళు ప్రశ్నలు తగ్గిస్తారు, అందుకే చెప్పేవాళ్ళ మీద బాధ్యత పెరుగుతుంది.

చిన్న ఊళ్ళో అయితే మేనేజరు గారే మీ షెడ్డు చూడటానికి వస్తారు. కాబట్టి కథలో ప్రతి మాటకి ఒక రుజువు దగ్గర ఉంచుకోండి. ఫోన్ వచ్చిన తేదీ, పిక్కలు కొన్న చీటీలు, అమ్మిన పప్పు రాసుకున్న నోటు పుస్తకం, యూపీఐలో వచ్చిన డబ్బు. నోటు పుస్తకం లేనివాళ్ళు ఈ రోజు నుంచే మొదలుపెట్టండి, రోజుకి మూడు వరుసలు చాలు: ఏం కొన్నాం, ఏం అమ్మాం, ఎవరు అడిగితే లేదన్నాం. మూడో వరుస ఎవరూ రాయరు, మీ తర్వాతి కథ అందులోంచే వస్తుంది.

ఇంకో మాట, మీ కథలో వేరేవాళ్ళ కష్టం ఉంటే వాళ్ళనడిగి చెప్పండి. తోటి అక్క భర్త తాగుడు గురించి మీరు బ్యాంకులో చెప్పే హక్కు మీకు లేదు, అప్పు కోసమైనా సరే.

ఆ రోజు

చిన్న డబ్బాల్లో గుండు, బద్ద, ముక్క వేర్వేరుగా పట్టుకెళ్ళండి. మీది అప్పడాలైతే అప్పడం, బట్టైతే బట్ట. కథలో ఆ వస్తువు పేరు వచ్చినప్పుడు బల్ల మీద పెట్టండి, ముందే పెట్టకండి, చూపు అటు పోతుంది. పరిచయం రెండు వాక్యాలు, తర్వాత తిన్నగా "పోయిన దసరా ముందు మాకో ఫోన్ వచ్చింది సార్" అని మొదలుపెట్టండి. మీరు అడిగే మొత్తం చెప్పేశాక ఆగండి. ఆ నిశ్శబ్దంలో టెన్షన్ వచ్చి ఇంకేదో మాట్లాడాలనిపిస్తుంది, మాట్లాడకండి, ఆయన్ని ఆలోచించనివ్వండి.

ఆ ఇద్దరు అక్కలు రెండోసారి వెళ్ళినప్పుడు నేను బయటే కూర్చున్నాను. రిపోర్టు ఆరు పేజీలు. పెద్దక్క కథ చెప్పింది, చిన్నక్క లెక్క చెప్పింది. బయటికి వచ్చి, "సారు అప్పు సంగతి ఏమీ చెప్పలేదు బాబూ, ఆ షాపు ఆయన నంబరు అడిగారు, వచ్చే బుధవారం షెడ్డు చూడటానికి వస్తామన్నారు" అంది పెద్దక్క. అడిగిన ప్రశ్నలన్నీ ఆ సాయంత్రమే రాసుకున్నాం, మీరూ అలాగే రాసుకోండి, రాత్రికి సగం మర్చిపోతాం. మొత్తం ఏడు. అందులో రెండింటికి మా దగ్గర జవాబు లేదు: పిక్కలు ఎక్కడ నిల్వ చేస్తారు, వానాకాలం తేమ నుంచి ఎలా కాపాడతారు. బుధవారం లోపు ఆ రెండూ చూసుకోవాలని, మర్నాడు పొద్దున్నే చెక్కబల్లలు, టార్పాలిన్ కొనడానికి ముగ్గురం బజారుకి బయల్దేరాం.